నల్లగా కనిపించే డేగలు, గద్దలు: ముదురు రూపాన్ని సరిగ్గా గుర్తించడం ఎలా

చలికాలం ఉదయం గండిపేట గట్టు మీదో, శంకర్‌పల్లి పొలాల మధ్యో నిలబడి ఆకాశం చూసేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. తల నుంచి తోక దాకా నల్లగా ఉన్న వేటపక్షి ఒకటి తిరుగుతూ ఉంటుంది, పుస్తకంలోని ఏ బొమ్మకూ సరిపోదు. దాన్ని ‘నల్ల డేగ’ అని రాసుకుని వదిలేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. పక్షి అలా కనిపించడానికి ఐదు వేర్వేరు కారణాలుంటాయి. వెలుతురు మోసం చేసి ఉండవచ్చు. ఆ జాతే ముదురు రంగుది కావచ్చు. ఒక ప్రాంతానికి చెందిన ఉపజాతి కావచ్చు. వయసు వల్లనో, ఈకలు కొత్తవి కావడం వల్లనో అలా ఉండవచ్చు. ఇవేవీ కాకపోతేనే అది ఆ జాతిలోని ముదురు రూపం. ఈ వరుసలోనే ఒక్కొక్కటీ తేల్చుకుంటూ రావాలి. చాలామంది చివరిదానితో మొదలుపెట్టి అక్కడే తప్పుతారు.

ముదురు రూపం పుట్టుకతో వస్తుంది. ఈకల్లో నలుపు, ముదురు గోధుమ రంగునిచ్చే యూమెలనిన్ ఎక్కువగా చేరడమే దానికి కారణం. మధ్యధరా ప్రాంతపు ఎలియొనోరా ఫాల్కన్‌లో ఈ తేడాకు ఎంసీ1ఆర్ అనే జన్యువుతో సంబంధం ఉందని తేలింది. ఏటా ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కున్నా ముదురు పక్షి ముదురుగానే ఉంటుంది. ముదురు పక్షి, లేత పక్షి జత కట్టవచ్చు, ఒకే గూట్లో రెండు రకాల పిల్లలూ ఉండవచ్చు. అంచేత రంగు తేడాని చూసి వేరే జాతి అనుకోకూడదు.

చట్టం సంగతి ముందే

డేగలను మచ్చిక చేసి వేటాడించే విద్య మన దేశానికి కొత్త కాదు. సాళువం, భైరి, షాహీన్, జుర్రా వంటి పేర్లు ఆ విద్యతో ముడిపడినవే. 2010లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది, అయితే దాన్ని ప్రతిపాదించిన దేశాల్లో భారత్ లేదు. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి డేగను పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూలులోని (అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోని) జంతుపక్షుల విషయంలో శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. ‘అరుదైన నల్ల డేగ’ ఉందని ఎవరైనా ఫోటో పంపితే, అది నిజమైనా అబద్ధమైనా కొనబోవడమే నేరం. కాబట్టి హైదరాబాద్‌లో ఈ గుర్తింపు పరిజ్ఞానం పక్షులను చూడటానికి, లెక్క రాయడానికి, గాయపడినవాటిని కాపాడటానికి పనికొస్తుంది. చట్టబద్ధంగా డేగవేట సాగే దేశాల్లో ఉంటున్న మనవారి కోసం చివర్లో విడిగా రాశాం.

వెలుతురు పెట్టే మోసం

తెల్లటి ఆకాశం ముందు ఎగిరే ఏ పక్షి అయినా కెమెరాకు నల్లగానే దొరుకుతుంది. కెమెరా ఆకాశపు వెలుగును కొలిచి ఫోటో మొత్తాన్ని చీకటి చేస్తుంది. దీనికి విరుగుడుగా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 దగ్గర పెట్టండి, మబ్బు పట్టిన రోజైతే ప్లస్ 1.7 లేదా 2 దాకా పెంచండి. ఆకాశం తెల్లగా మాడిపోయినా పర్వాలేదు, మనకు కావలసింది రెక్క లోపలి గీతలు. వీలైతే ‘రా’ ఫైలుగా (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ముడి ఫైలు) తీయండి. తర్వాత నీడ భాగాలను ఎత్తి చూస్తే గీతలు బయటపడతాయి. ఎత్తినా ఏమీ కనపడక బూడిద రంగు మచ్చలా మిగిలితే ఆ ఫోటోతో రంగు తేల్చకండి.

సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని నిలబడాలి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర వరకు మంచి సమయం. నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే పెద్ద గద్దలు సుడి తిరుగుతూ నెమ్మదిగా ఎక్కుతాయి, ప్రతి చుట్టులోనూ ఒకసారి కింది భాగం, ఒకసారి పై భాగం వెలుగులోకి వస్తాయి. కనీసం రెండు చుట్లు చూడకుండా నిర్ణయానికి రావద్దు. 8×42 బైనాక్యులర్స్ సరిపోతాయి. 10×50 బరువుకు చెయ్యి వణికి, ఎగిరే పక్షిని పట్టుకోవడం కష్టమవుతుంది.

అదే ఫ్రేములో కాకి గానీ మామూలు నల్ల గద్ద (బ్లాక్ కైట్, పేరుకు నల్లదైనా గోధుమ రంగుదే) గానీ ఉంటే చాలా మేలు. రెండింటి నలుపునూ పోల్చండి. పక్కనున్న గద్ద కూడా బొగ్గులా కనిపిస్తుంటే తప్పు వెలుతురుదే. ఇంకో పరీక్ష: ఎండకు ఎదురుగా ఉన్న లేత రంగు పక్షి ఎగురు ఈకల (రెక్క వెనక వైపున్న పొడవాటి ఈకలు) గుండా వెలుగు దూరుతుంది, రెక్క కొసన వేళ్లలా విడివడే ఈకల మొదట్లో అద్దంలాంటి కిటికీ కనిపిస్తుంది. వానలో తడిసిన ఈకలు, చెత్త డంపింగ్ యార్డుల దగ్గర మసి పట్టిన ఈకలు కూడా పక్షిని ఒకటి రెండు ఛాయలు ముదురు చేస్తాయి. తడిసిన పక్షి విషయంలో అది ఆరేదాకా ఆగడమే దారి.

రంగు పక్కనపెట్టి ఆకారం చూడండి

ఈ పనిలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. ముదురు రూపంలో ఛాతీ గీతలు, మీసం, కడుపు పట్టీ లాంటి గుర్తులన్నీ నలుపులో కలిసిపోతాయి. మిగిలేవి ఆకారం, కొలతలు, ఎగిరే తీరు. వీటిని రంగు మార్చలేదు.

పరిమాణానికి కొలబద్దగా మన ఊరి నల్ల గద్దను పెట్టుకోండి. దాని రెక్కల వెడల్పు దాదాపు ఒకటిన్నర మీటర్లు. కనిపించిన పక్షి దానికంటే చిన్నదా, సమానమా, పెద్దదా అన్నది ముందు రాసుకోండి. తర్వాత రెక్క కొసన విడివిడిగా కనిపించే వేళ్లు లెక్కపెట్టండి. ఫోటో ఉంటే ఇది చాలా సులభం. నల్ల గద్దకు, బూటెడ్ ఈగల్‌కు, మన తేనె గద్దకు ఆరేసి. బజార్డ్‌లకు అయిదు. మాంటెగ్యూ, పాలిడ్ హారియర్లకు నాలుగే, అందుకే వాటి రెక్క కొస సన్నగా ఉంటుంది. టానీ, స్టెప్, స్పాటెడ్ ఈగల్స్‌కు ఏడు. ఈకలు రాలుస్తున్న పక్షికి ఒక వేలు లోపించవచ్చు కాబట్టి రెండు రెక్కలూ లెక్కపెట్టి ఎక్కువ వచ్చిన సంఖ్యనే తీసుకోండి.

తోక చివర చీలి ఉందా, చదరంగా ఉందా, గుండ్రంగా ఉందా? నల్ల గద్ద తోక చీలిక లోతు తక్కువ, పూర్తిగా విప్పితే కనపడకుండా పోతుంది. అది తోకను అటూ ఇటూ మెలితిప్పే తీరు మాత్రం దాగదు. గరుడ పక్షి పిల్ల గోధుమ రంగులో ఉండి నల్ల గద్దలా అనిపిస్తుంది, కానీ తోక గుండ్రం, వేళ్ల మొదట్లో లేత మచ్చ ఉంటుంది. చివరగా, గాలిలో తేలేటప్పుడు రెక్కలు పైకి లేచి ఉన్నాయా, బల్లపరుపుగా ఉన్నాయా, కిందికి వంగి ఉన్నాయా అని చూడండి. హారియర్లు రెక్కలను పైకెత్తి, నేలకు దగ్గరగా ఊగుతూ వెళ్తాయి. తేనె గద్ద బల్లపరుపుగా, కొద్దిగా కిందికి వంచి పట్టుకుంటుంది.

నలుపు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు

ఆకారంతో రెండు మూడు జాతుల దాకా వచ్చాక రెక్క లోపలి భాగం చూడాలి. దాన్ని రెండు ముక్కలుగా విడదీసి రాయండి: ముందు వైపు కప్పు ఈకలు, వెనక వైపు ఎగురు ఈకలు. చాలా జాతుల ముదురు రూపంలో శరీరం, కప్పు ఈకలు మాత్రమే నల్లబడతాయి. ఎగురు ఈకలు, తోక అంతగా మారవు. ఒళ్లంతా చాక్లెట్ నలుపు, ఎగురు ఈకలు మాత్రం తెల్లగానో బూడిదగానో ఉంటే ముదురు రూపం అనే అనుమానం బలపడుతుంది. అన్నీ ఒకే ముదురు గోధుమలో ఉంటే సహజంగానే ముదురైన జాతి ఏదైనా కావచ్చు, నల్ల గద్ద అయ్యే అవకాశమూ ఎక్కువే.

బూటెడ్ ఈగల్. హైదరాబాద్ చుట్టుపక్కల ముదురు రూపాన్ని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పక్షి లేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా వలస వచ్చి ఉంటుంది. లేత రూపాన్ని ఎవరైనా పోలుస్తారు: తెల్లటి కప్పు ఈకలు, నల్లటి ఎగురు ఈకలు. ముదురు రూపాన్ని నల్ల గద్ద అనుకుని వదిలేస్తారు. రెండూ గోధుమ రంగే, రెండింటికీ రెక్క పై భాగంలో ఏటవాలుగా లేత పట్టీ ఉంటుంది. తేడాలు ఇవీ: బూటెడ్ కొద్దిగా చిన్నది, తోక చదరం, మెలితిప్పదు. తోక మొదట్లో పై వైపు లేత రంగు అర్ధచంద్రం ఉంటుంది. రెక్క కొస వేళ్లకు లోపలి వైపున్న ఎగురు ఈకలు మిగతా రెక్క కంటే కాస్త లేతగా ఉంటాయి. అన్నింటికంటే నమ్మకమైన గుర్తు మెడ పక్కన, రెక్క మొదలయ్యే చోట ముందు వైపున్న రెండు చిన్న తెల్ల చుక్కలు. పక్షి మీ వైపు ఎదురుగా వస్తున్నప్పుడు అవి రెండు దీపాల్లా వెలుగుతాయి. ముదురు, లేత రెండింటిలోనూ ఉంటాయి. కొమ్మ మీద వాలితే కాళ్లు చూడండి, కాలివేళ్ల దాకా ఈకలుంటాయి. నల్ల గద్దకు అలా ఉండవు.

తేనె గద్ద. దీని రంగులకు అంతు లేదు: తెలుపు, ఎరుపు గోధుమ, ముదురు చాక్లెట్, వీటి మధ్య అన్ని ఛాయలూ. రంగుతో దీన్ని గుర్తించాలనుకోవడం వృథా శ్రమ. పావురం తలలాంటి చిన్న తల, ముందుకు చాచిన పొడవాటి మెడ, వెడల్పు రెక్కలు, పొడవాటి తోక పట్టుకోండి. పెద్ద మగపక్షి ముఖం బూడిద రంగు, కళ్లు ముదురు రంగు. తోకలో రెండు వెడల్పాటి నల్ల పట్టీలు, మధ్యలో లేత పట్టీ ఉంటుంది. ఆడదాని కళ్లు పసుపు, తోక పట్టీలు సన్నం. ముదురు రూపంలోనూ ఈ తోక, ఎగురు ఈకల గీతలు చెక్కుచెదరవు.

లాంగ్‌లెగ్డ్ బజార్డ్. చలికాలంలో బీడు భూముల్లో, తీగల స్తంభాల మీద కనిపిస్తుంది. ముదురు రూపంలో ఒళ్లు, కప్పు ఈకలు దాదాపు నలుపు, ఎగురు ఈకలు కింది నుంచి తెలుపు బూడిద, వాటి అంచున వెడల్పాటి నల్ల పట్టీ. లేత రూపంలో ఉండే గీతల్లేని నారింజ తోక ముదురు రూపంలో ఉండదు. దానికి బదులు బూడిద తోక మీద అడ్డ పట్టీలు, చివర ఒక వెడల్పు పట్టీ ఉంటాయి. నారింజ తోక కోసం వెతికి, కనపడక దీన్ని వేరే పక్షిగా రాసేవారు ఎక్కువ.

హారియర్లు. దక్కన్ గడ్డి మైదానాలకు చలికాలంలో వచ్చే మాంటెగ్యూ హారియర్‌లో ముదురు రూపం ఉంది. పెద్ద మగపక్షి ఒళ్లంతా మసి రంగు. తోక మొదట్లో తెల్ల మచ్చ కనిపించదు. కాబట్టి సన్నటి శరీరం, నాలుగు వేళ్లు, తేలికగా ఊగే ఎగురు తీరే ఆధారం. చెరువుల దగ్గర కనిపించే మార్ష్ హారియర్ ఆడపక్షిని దీనితో కలపకండి. అది బరువైనది, రెక్క వెడల్పు, తల మీద మీగడ రంగు టోపీ ఉంటుంది, ఆ ముదురు గోధుమ దాని మామూలు రంగే. మార్ష్ హారియర్‌లోనూ అరుదుగా నిజమైన ముదురు రూపం ఉంటుంది, దానికి ఎగురు ఈకల మొదట్లో కింది వైపు తెల్లటి మెరుపు కనిపిస్తుంది.

పెద్ద ఈగల్స్. మంజీర, సింగూరు లాంటి నీటి ప్రాంతాల్లో చలికాలంలో కనిపించే గ్రేటర్ స్పాటెడ్ ఈగల్ సహజంగానే నల్ల గోధుమ. ఇక్కడ అరుదైనది దాని లేత రూపం. టానీ ఈగల్ మాత్రం లేత మీగడ రంగు నుంచి ముదురు గోధుమ దాకా మారుతుంది. దగ్గరి ఫోటో ఉంటే రంగు వదిలి ముక్కు చూడండి. స్పాటెడ్ ఈగల్స్ ముక్కురంధ్రం గుండ్రం, టానీ, స్టెప్ ఈగల్స్‌ది కోలగా ఉంటుంది. నోటి చీలిక గ్రేటర్ స్పాటెడ్‌లోనూ టానీలోనూ కంటి మధ్య వరకే వస్తుంది. స్టెప్ ఈగల్‌లో కంటి వెనక అంచు దాకా పోతుంది. ఇండియన్ స్పాటెడ్‌లోనూ అలాగే పొడవు, లావు కూడా.

షాహీన్. రాతి గుట్టల దగ్గర, ఎత్తైన కట్టడాల మీద కనిపించే ఈ చిన్న గట్టి ఫాల్కన్ పెరెగ్రిన్‌లో మన దేశపు స్థానిక ఉపజాతి. నల్లటి తల, ముదురు పలక రంగు వీపు, తుప్పు రంగు కడుపు. దీన్ని ముదురు రూపం అనకూడదు, ఆ ఉపజాతి పక్షులన్నీ ఇలాగే ఉంటాయి. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే భైరి (అదీ పెరెగ్రినే) దీనికంటే పెద్దది, కడుపు తెలుపు మీద అడ్డ గీతలు, మీసం సన్నం.

ఇక షిక్రా. ఊళ్లో అందరికంటే ఎక్కువగా కనిపించే డేగ ఇదే, దీనికి ముదురు రూపం లేదు. ‘ముదురు షిక్రా’ అని చెప్పేవి దాదాపు అన్నీ గోధుమ వీపు, ఛాతీ మీద నిలువు చారలున్న పిల్ల పక్షులే. గొంతు మధ్య గీత బాగా మందంగా, చారలు మరీ దట్టంగా ఉంటే షిక్రాను పోలిన మరో డేగ బెస్రా కావచ్చేమో చూడండి. షిక్రాను అనుకరించే కోకిల జాతి పక్షి హాక్‌కుకూ (పపీహా)ను కూడా మర్చిపోవద్దు. దాని ముక్కు తిన్నగా ఉంటుంది, కొక్కెంలా వంగదు.

ప్రాంతం కూడా ఒక జల్లెడే. జుట్టు భైరి అని పిలిచే చేంజబుల్ హాక్ ఈగల్‌కు నల్ల రూపం ఉన్న మాట నిజమే, కానీ అది హిమాలయ పాదాల దగ్గర, ఈశాన్యంలో, ఆగ్నేయాసియాలో ఉండే పక్షుల్లో. అనంతగిరిలోనో నర్సాపూర్ అడవిలోనో కనిపించే దక్షిణాది పక్షులకు పొడవాటి జుట్టు ఉంటుంది, నల్ల రూపం ఉండదు. అక్కడ నల్లటి హాక్ ఈగల్ చూశామనిపిస్తే ముందు వెలుతురును అనుమానించండి.

వయసు, ఈకల అరుగుదల

ఈ మెట్టు అనుభవం ఉన్నవారు కూడా దాటేస్తారు. కొత్త ఈక ముదురు, పాత ఈక వెలిసిపోయిన గోధుమ. దక్కన్ ఎండకు మార్చి, ఏప్రిల్ నాటికి ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే పక్షి కొత్త ఈకలు తొడుక్కున్నాక చూస్తే మరో పక్షిలా ఉంటుంది. రెక్కలో ముదురు ఈకలు, వెలిసిన ఈకలు కలగాపులగంగా ఉంటే అది కనీసం ఒకసారి ఈకలు మార్చడం మొదలుపెట్టిన పక్షి. ఈకలన్నీ ఒకే ఈడువి, రెక్క వెనక అంచు సాఫీగా, ఈక కొసలు లేతగా ఉంటే ఆ ఏటి పిల్ల. పిల్ల పక్షిలో ఎగురు ఈకల అంచున ఉండే నల్ల పట్టీ మసకగా ఉంటుంది, పెద్దదానిలో గీత గీసినట్టు ఉంటుంది. ముదురు రూపంలో కూడా ఈ పట్టీ వయసు చెబుతుంది, ఎందుకంటే అది ఉండే చోటు నల్లబడదు.

విదేశాల్లో డేగవేట నేర్చుకునేవారికి

అమెరికాలో లైసెన్సు తీసుకుని, గురువు కింద నేర్చుకునేవారు సాధారణంగా రెడ్‌టెయిల్డ్ హాక్‌తో మొదలుపెడతారు. అడవి నుంచి తీసుకునే పక్షి గూడు విడిచినదై, ఏడాది నిండనిదై ఉండాలి. అంటే వయసు తప్పు చదివితే నియమం తప్పినట్టే, ముదురు రూపంలో సరిగ్గా ఇక్కడే తడబడతారు. ఏడాది లోపు పక్షికి ఎర్ర తోక ఉండదు, గోధుమ తోక మీద సన్నటి అడ్డ పట్టీలు చాలా ఉంటాయి. కళ్లు లేత పసుపు. పెద్దదాని కళ్లు ముదురు గోధుమ. రెక్క ముందు అంచున ఉండే నల్ల గీత ఈ జాతికి పెద్ద గుర్తు, ముదురు రూపంలో అది కనపడదు. దాని కోసం వెతకకండి.

ముదురు, ఎరుపు రూపాలు పశ్చిమ ప్రాంతపు పక్షుల్లో ఉంటాయి, తూర్పు తీరపు పక్షుల్లో వీటిని ఆశించకండి. ఎరుపు రూపంలో ఛాతీ ఇటుక రంగు, కడుపు పట్టీ దానికంటే ముదురు. ముదురు రూపంలో ఛాతీ, కడుపు ఒకే చాక్లెట్ రంగు. అలాస్కా, వాయవ్య కెనడాల్లో గూడు కట్టే హార్లన్స్ హాక్ చాలా వరకు ముదురే. దాని నలుపులో ఎరుపు ఛాయ లేకుండా తెల్లటి చుక్కలు, చారలు కలుస్తాయి, పెద్దదాని తోక ఎర్రగా కాకుండా తెలుపు బూడిదలో మరకలుగా ఉంటుంది. వల దగ్గరికి వచ్చిన ముదురు పక్షి కాళ్లు తప్పకుండా చూడండి. కాలివేళ్ల దాకా ఈకలుంటే అది రఫ్‌లెగ్డ్ లేదా ఫెర్రుజినస్ హాక్. రెక్క కొస సన్నగా, ఎగురు ఈకలు కూడా ముదురుగా ఉంటే స్వెయిన్సన్స్ హాక్.

ముదురు పక్షి బాగా వేటాడుతుందన్న మాట డేగవేటగాళ్లలో వినిపిస్తుంది. దక్షిణాఫ్రికాలోని బ్లాక్ స్పారోహాక్‌లో వెలుతురు తక్కువైనప్పుడు ముదురు రూపానికి కొంత మేలు ఉన్నట్టు పరిశోధకులు గమనించారు, చలికాలంలో వానలు పడే కేప్ ప్రాంతంలో ఆ రూపమే ఎక్కువ. అది ఆ జాతికి, ఆ వాతావరణానికి సంబంధించిన విషయం. మీరు ఎంచుకునే పక్షిలో చూడవలసినవి ఛాతీ ఎముక పక్కన కండ, కాళ్లలో పుండ్లు లేకపోవడం, నోట్లో తెల్లటి పొర లేకపోవడం, విరగని ఈకలు. రంగు కోసం వీటిలో ఏ ఒక్కటీ వదులుకోకూడదు.

రాసుకోవడం, పంచుకోవడం

చూసిన వెంటనే ఈ వరుసలో రాయండి: తేదీ, సమయం, చోటు, సూర్యుడు ఎటు, నల్ల గద్దతో పోలిస్తే పరిమాణం, వేళ్ల సంఖ్య, తోక ఆకారం, కప్పు ఈకలు, ఎగురు ఈకలు, తోక పట్టీలు, వయసు. జాతి పేరు చివర రాయండి. ముందే పేరు రాస్తే కళ్లు దానికి తగ్గట్టే చూస్తాయి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పెట్టేటప్పుడు మార్చిన ఫోటోతో పాటు మార్చని ఫోటో కూడా జత చేయండి, నలుపు ఎంత నిజమో పరిశీలించేవారు పోల్చుకుంటారు. రంగు గురించి అనుమానం తీరకపోతే జాతి పేరు వరకే రాసి ఆపేయండి. జాతే తేలకపోతే ‘గుర్తించని వేటపక్షి’ అని రాయడంలో తప్పు లేదు. గూడు కనిపిస్తే దాని చోటును ఎక్కడా బహిరంగంగా పెట్టకండి. పిల్లలను ఎత్తుకుపోయేవారు వెతికేది ఆ సమాచారం కోసమే.

సంక్రాంతి రోజుల్లో మాంజా దారానికి చిక్కి పడిపోయే పక్షుల్లో గద్దలు, డేగలు ఉంటాయి. ‘నల్ల డేగ’ పడింది అని ఫోన్ వస్తే పేరు తేల్చడం కంటే ముందు ఇవి చెప్పండి: తువ్వాలు కప్పి రెక్కలు మూసి పట్టుకోవాలి, గోళ్ల నుంచి చేతులు కాపాడుకోవాలి. గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచాలి. రెక్కకు బిగిసిన దారాన్ని లాగకూడదు, బయటికి వేలాడే భాగాన్ని మాత్రం కత్తిరించాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, అన్నం పెట్టకూడదు. వెంటనే అటవీశాఖకు అప్పగించాలి. పెట్టె మూసేముందు తోక, రెక్క లోపలి భాగం, ముఖం ఒక్కో ఫోటో తీసుకుంటే చాలు, అది నల్ల గద్దో బూటెడ్ ఈగలో తర్వాత తీరిగ్గా చూడవచ్చు.